కొత్తపేట సభల ఆగిపోయిన మైకు

ఎల్బీనగర్,
6-11-2011, ఆదివారం పగటీలి.

హలో, హలో, మైక్ టెస్టింగ్. యావత్ ఎల్బీనగర్, కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ ప్రజలకు ముఖ్య గమనిక. మైకు సెట్టు బక్కయ్య గారింట్ల కుక్కర్ విజిల్ మొన్న శుక్కురారం పొద్దుగాల ఎనిమిదిన్నర గంటలకు తప్పిపోయినదని తెలుపుటకు చింతిస్తున్నాము. రంగు సత్తు, వయసు ఆరేండ్లు, మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఇంట్లకెల్లి పోయేటప్పుడు ఒంటి మీద పప్పు మరకలు తప్ప ఏం లేవు. ఆచూకి చెప్పినోళ్లకు గిన్నెడు పప్పు బహుమానంగ ఇయ్యబడును. విజిల్ లేదు గనుక ఆ పప్పు ఉడికిందా లేదా అని మాత్రం అడగొద్దు.

శేఖర్ వాళ్లమ్మ సైదమ్మకు నీ పెనిమిటి బక్కయ్య రాసేది. నకిరేకల్ల నువ్వు, మీ అమ్మ, మీ అన్న పిల్లలు మంచిగున్నరని అనుకుంటున్న. ఇక్కడ మేమందరం మంచిగున్నం అని రాయాలె గద ఉత్తరమంటె. అందరం అంటె ఇప్పుడు నేనొక్కన్నే. ఆ ఒక్కడు లేస్తుండు, పంటుండు, దుక్నం తెరుస్తుండు.

నీ ఉత్తరం మంగళారం అందింది. ఫోన్ల అయిపోయేదానికి కవరు, స్టాంపు ఎందుకా అనుకున్న. చదివితె నువ్వే రాసినవ్, "ఫోన్ల అయితె నువ్వు నన్ను నవ్విస్తవ్. నవ్వుకుంట పెట్టేస్త, పెట్టేసినంక ఏడుస్త. కాగితం మీద రాయి. కాగితం మీద నీకు యేషాలు రావు" అని. నేను నాలుగో తరగతిల బడి ఇడిచిపెట్టినోన్ని, నా రాత నీకు తెలిసిందే. మీ అన్న కండ్లద్దాలు గూడ అడిగి పెట్టుకో. యేషాలైతె కాగితం మీద గూడ వస్తయి, పైన చూసినవ్ గద.

తింటున్నవా అని అడిగినవ్. తింటున్న. కింద ఓనరమ్మ లలితకుమారి రోజు ఒక గిన్నె పంపిస్తది. "వేడిగా ఉన్నప్పుడే తినేయండి అన్నయ్యగారూ, చల్లారితే బాగోదు" అంటది. ఆమె ఇంటాయన జోగారావు సారు స్కూటర్ మీద 'జై తెలంగాణ' స్టిక్కర్ ఏసుకుండు సూడు, గుంటూరోడని ఎవరన్న ఆపుతరని. నేను ఊకోక మొన్న, "సార్, స్కూటర్ మీద ఒక్కటి సరిపోదంట, హెల్మెట్ మీద గూడ ఉండాలెనంట" అన్న. తెల్లారి చూస్తె హెల్మెట్ మీద రెండున్నయి, ఎనక ఒకటి, ముందర ఒకటి. నేను నవ్విన. ఓనరమ్మ మెట్ల మీద నిలబడి, "మీరు చెప్పారనే అంటించుకున్నారు. మీకు నవ్వులాట. ఇక్కడ ఎప్పుడేమవుతుందోనని మేము రాత్రిళ్ళు లేచి గొళ్ళెం చూసుకుంటున్నాం" అన్నది. గిన్నె కడిగి ఇచ్చిన. మల్ల పైకొచ్చి ఒక్కన్నే కూసొని అనుకున్న, నేనాడే పరాష్కాలు ఎప్పుడు ఇంకొకరి మీదనే ఎందుకు పడ్తయి అని.

చౌరస్తల మన శేఖర్‌గాని ఫ్లెక్సీ ఎట్లుంది అని అడిగినవ్. మంచిగుంది. గా నీలం అంగి ఫోటో, కింద 'ఆఖరి శ్వాస దాకా జై తెలంగాణ అన్న అమరుడు శేఖర్' అని పెద్దక్షరాలు. వానకు జర రంగు పోయింది గని మొఖం మొఖమే. రోజు ఎవరో ఒకరు దండేసి పోతరు. బండ్ల మీద పోయేటోళ్లు గూడ ఆగి దండం పెడ్తరు. మన పిలగాడు తన పానం తానే తీసుకొని నలబై మూడు దినాలైంది. సమ్మె గూడ అయిపోయింది, బస్సులు తిరుగుతున్నయి, పిల్లలు కోచింగులకు పోతున్నరు. అయినా వాన్ని ఎవ్వరు మరువలే.

ఈయ్యాల పొద్దుగాల మీ యేసు మందిరానికి పోయిన. నమ్మకుంటె పాస్టర్ అయ్యగారికి ఫోన్ చేసి అడుగు. ఎల్బీనగర్ల టైర్ల దుక్నం మీద, గా ఇనుప మెట్లెక్కి, చెప్పులు ఇడిచి, ఆడోళ్ల దిక్కు కిటికీ పక్కన నీ జాగల కూసున్న. ఆడోళ్లు ముసిముసిగ నవ్విన్రు గని లెమ్మనలే. నీ కోసం ప్రార్థన చేసిన.

ఆరేండ్ల కింద నీకు ఆపరేషన్ అయినప్పుడు ఆ మందిరపు ఆడోళ్లు దవాఖానల నీ పక్కన వంతులేసుకొని కూసున్నరు, గంజి తాగిచ్చిన్రు. అప్పటిసంది నువ్వు పోవుడు, నేను ఎక్కిరిచ్చుడు. ఒక పండుగకు మైకు పెట్టనీకె వచ్చి, అయ్యగారి లెక్కనే గొంతు తీసి, "సహోదరి సైదమ్మగారూ, ఇంట్లో పప్పులో ఉప్పు వేశారో లేదో పరీక్షించుకోవలెను" అని హారన్ల చెప్పిన, యాదికుందా. నువ్వు నిజమే అనుకొని ఇంటికి ఉరికి రెండోసారి ఉప్పేసినవ్. ఆ పప్పు నేను, శేఖర్‌గాడు నవ్వుకుంట నీళ్లు తాగుకుంట తిన్నం. మీ దేవున్ని గూడ ఇడిచిపెట్టలే నేను. "దేవుడంటె గెల్వాలె గదనే. మేకులు కొడ్తుంటె ఊకున్నోని బొమ్మ ఇంట్ల ఎవరన్న పెట్టుకుంటరా" అంటుంటి. నువ్వు బియ్యం ఏరుకుంట, "నీకు తెల్వదులే" అంటుంటివి. అంతకంటె ఒక్క మాట చెప్పకపోతుంటివి. చెప్పితె దానిమీద గూడ పరాష్కమాడుతనని నీకెర్క.

ఈయ్యాల ప్రార్థన అయినంక అందరు పోయిన్రు. రామమోహనరావు అయ్యగారు చాపలు మడుస్తుండు. నేను గూడ ఒక దిక్కు పట్టుకొని అడిగిన.

"అయ్యగారు, ఒక మాట అడుగుత. కోపానికి రావొద్దు."

"అడగండి బక్కయ్యగారూ. మీరు అడక్కుండా ఉంటేనే నాకు భయం, ఏదో చేసే ఉంటారని."

"మీ దేవునికి సిలువ దిగే తాకత్ ఉండె గద. దిగలే. ఉమ్మేసినా పడ్డడు. కొట్టినోళ్లనే మాఫ్ చెయ్యుమన్నడు. మా ఊర్లె గసొంటోన్ని పిచ్చోడంటరు."

"మా ఊళ్ళోనూ అంతేనండి. మాది తెనాలి పక్కన. మా నాన్న చర్చికెళ్తుంటే వెనకాలే నడుస్తూ వెక్కిరించేవాణ్ణి. పాతికేళ్ళొచ్చేదాకా పిచ్చనే అన్నాను."

"మల్ల ఇప్పుడు?"

ఆయన చాప గోడకు నిలబెట్టి, దాని పక్కనే కింద కూసున్నడు. "ఇప్పుడు కూడా ఒక్కోరోజు పిచ్చిగానే ఉంటుందండి. సమ్మెలో మా చిన్నోడు అడిగాడు, మనల్ని ఊరికి పొమ్మనేవాళ్ళ కోసం రోజూ ప్రార్థన ఎందుకు చేస్తావు నాన్నా అని. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను. చేశాను, అంతే. తెలివిగలవాడెవడూ తనని గెంటేవాళ్ళ కోసం చావడు. ఆయన చచ్చాడు. అది తెలివని నేను రుజువు చెయ్యలేను."

"రుజువు చెయ్యరానిది గింత మందికి ఎట్ల చెప్తరు?"

"సైదమ్మగారు సభలో చెప్పినట్టే చెప్తాను. లేచి నిలబడతాను. నవ్వేవాళ్ళు నవ్వుతారు." అని, "ఆ రోజు శేఖర్ సంతాప సభకి నేనూ వచ్చానండి. నేను దగ్గరికొస్తే ఆంధ్రా పాస్టరొచ్చాడని గొడవవుతుందని ఆవిడే వద్దన్నారు. రోడ్డు అవతల పాన్ డబ్బా దగ్గర నిలబడ్డాను. సగంలో మైకు ఆగిపోయింది. తర్వాత ఆవిడ పెదాలు కదలటమే కనపడింది. ఏమన్నారండి?" అన్నడు.

నేను తెల్వదన్న. మెట్లు దిగి వచ్చేసిన.

నువ్వు గూడ అదే అడిగినవ్ ఉత్తరంల. "నేను మైకుల చెప్పింది ఎంత దూరం ఇనొచ్చింది, ఆ పిలగాండ్లు ఇన్నరా" అని. దానికి జవాబు రాయనీకె మంగళారం సంది నాలుగు కాగితాలు చింపిన. ఇది ఐదోది.

ఆ దినం సభకు కొత్తపేట పండ్ల మార్కెట్ గేటు కాడ టెంటేసిన్రు. నాలుగు హారన్లు కట్టిన, రెండు దిల్‌సుఖ్‌నగర్ దిక్కు, రెండు ఎల్బీనగర్ దిక్కు. నా కొడుకు సభ, నా మైకు. కోచింగు పిల్లలు మూడొందల మంది రోడ్డు మీదనే కూసున్నరు. మన ఉద్యమ కమిటీ గోపయ్య, "అమరుని తల్లి రెండు మాటలు మాట్లాడుతది" అన్నడు. నువ్వు లేసినవ్. దండం పెట్టినవ్. "తెలంగాణ రావాలె" అన్నవ్. చప్పట్లు కొట్టిన్రు. మల్ల నువ్వన్నవ్, "నా కొడుకు మీ అందరికోసం సచ్చిండని చెప్తున్నరు. అందరికోసం సావాల్సినాయన ఒక్కడే ఉండె. ఆయన సచ్చిండు, లేసిండు. ఆ పని అయిపోయింది. నా కొడుకు సావు ఎవ్వరికి అక్కెరలేకుండె. దేవునికి గూడ అక్కెరలేకుండె."

నా ఎనక ఒకడు, "గీ యాళ గా మాటలేంది" అన్నడు. ఇంకొకడు, "ఆంధ్రోళ్ల చర్చిల నేర్పి పంపిన్రు" అన్నడు. ఒక ముసలాయన, "ఊకోరా, కొడుకు పోయి పిచ్చిలేసింది పాపం" అన్నడు. గోపయ్య మొఖం నల్లగైంది. నువ్వు గియ్యన్ని ఇన్నవో లేదో. పిలగాండ్ల దిక్కు చూసి, "ఇంటికి పోండ్రి బిడ్డ" అన్నవ్.

అంతే. నాలుగు హారన్లల్లకెల్లి నీ గొంతు ఒక్కపారి పడిపోయింది.

నువ్వు మైకును రెండుసార్లు తట్టి నా దిక్కు చూసినవ్. నేను చేతులు తిప్పి, కరెంటు పోయింది అన్న. సమ్మె దినాలాయె, బొగ్గు లేక మూడు పూటల కరెంటు కోతలాయె, ఎవ్వరికి అనుమానం రాలే. సైదమ్మ, ఇరవై మూడేండ్లసంది నా ఎంబడి ఉన్నవ్. మన సెట్టు బ్యాటరీ మీద నడుస్తది. ఆ బ్యాటరీల నీళ్లు తక్కువైతె పోసేది నువ్వే. కరెంటు ఉంటె ఏంది, పోతె ఏంది.

బంద్ చేసింది నేనే.

గోపయ్య సైగ చేసిండు, అందుకె చేసిన అని రాయొచ్చు. సైగ చేసిన మాట నిజమే. గని వాడు చెయ్యి లేపకముందే నా చెయ్యి బటన్ మీద ఉండె.

నువ్వు మైకు పోయినా ఆగలే. ఉత్త నోటితోటే చెప్పినవ్. "ఇంటికి పోండ్రి, మీ అమ్మలు కంచాలు పెట్టుకొని కూసున్నరు. నా కొడుకు కంచం ఉత్తగుంది, ఎవరన్న వచ్చి తినున్రి" అన్నవ్. అప్పటికే గోపయ్యోళ్లు నినాదాలు ఎత్తుకున్నరు. ఎంత దూరం ఇనొచ్చింది అంటివి గద. స్టేజి కింద, నీ కాళ్ల కాడ, ఆంప్లిఫయర్ పక్కన కూసున్నోని దాక ఇనొచ్చింది. మూడొందల మందికి చెప్పిన మాట నేనొక్కన్నే ఇన్న. ఇనొద్దని బంద్ చేసినోన్నే నేను.

ఎందుకు చేసినవ్ అంటవ్. నువ్వు చెప్పిన మాట నిజమైతె నా కొడుకు ఉత్తగనే సచ్చినట్టు గద. నాకు ఆ ఫ్లెక్సీ కావాలె. ఆ దండం పెట్టేటోళ్లు కావాలె. వాని సావుతోటి ఏదో వస్తదని, ఎవరో బాగుపడ్తరని అనుకుంటె నాకు ముద్ద దిగుతుండె. నువ్వొచ్చి, అది ఎవ్వరికి అక్కెరలేకుండె, అన్ని ముందే అయిపోయినయి, ఎవ్వరు ఏమిచ్చేది లేదు, ఇంటికి పోయి బువ్వ తినున్రి అంటివి. లోకంల ఎవరన్న నమ్మే మాటనా అది. ఏదన్న కావాలంటె పానం పెట్టాలె అని మైకులల్ల నేను వెయ్యిసార్లు ఇన్న. పానం పెట్టుడు నాకు సమజైతది. ఊకెనే ఇచ్చుడు సమజ్ కాదు. తెలంగాణ రావాలె, వచ్చేదాక నా మైకు ఇస్త, దాంట్ల మాట లేదు. గని ఆ దినం నీ మాటకు గుస్స వచ్చినంత నాకు ఎవ్వరి మీద రాలే.

అయితె అదొక్కటే కాదు. నీ ఆఖరి ప్రశ్నకు వస్త. "వాడు పోయేముందు ఏమన్నడో ఇంకోసారి రాయి, రాసింది దాసుకుంట" అన్నవ్.

ఐసీయూల ఒక్కరినే పోనిచ్చిన్రు. నువ్వు బయట వరండల మోకాళ్ల మీద ఉంటివి. నేను పోయిన. వాడు కండ్లు తెరిచిండు. నన్ను గుర్తుపట్టిండు. నేను ఆదత్ కొద్ది, "ఏమిరా, పరీక్ష తప్పించుకోనీకె గింత పెద్ద ప్లాన్ చేసినవా" అన్న. వాడు నవ్వనీకె చూసిండు. "దూపైతుంది నాయినా" అన్నడు. నర్సు నీళ్లు ఇయ్యొద్దన్నది, దూది తడిపి పెదాలకు పెట్టింది. మల్ల నా ఏలు పట్టుకొని, "ఇంటికి పోదాం నాయినా" అన్నడు. రెండుసార్లు అన్నడు. "నాకు భయమైతుంది, ఇంటికి పోదాం" అన్నడు. పోదాం రా, పొద్దుగాల పోదాం అన్న. మల్ల మాట్లాడలే.

బయటికి వచ్చేసరికి గోపయ్య, పేపరోళ్లు ఉన్నరు. "పిలగాడు ఏమన్నడు అన్నా" అని అడిగిన్రు. ఇంటికి పోదామన్నడు అని చెప్పనీకె నోరు రాలే. జై తెలంగాణ అన్నడు అని చెప్పిన. నేను ఎన్ని గొంతులు తీయలే, ఎంతమందిని నమ్మియ్యలే. ఇదొకటి. మర్నాటికి ఫ్లెక్సీ మీదికి ఎక్కింది.

ఇగ ఆ దినం సభల నువ్వు లేసి, నీకేం తెల్వకుండనే, "ఇంటికి పోండ్రి బిడ్డ" అంటివి. వానికి నేను చెయ్యని పని నువ్వు మూడొందల మందికి చెయ్యవడితివి. నా చెయ్యి అదంతటదే పోయి బటన్ ఒత్తింది.

ఇన్ని దినాలు చెప్పనోడు ఇప్పుడెందుకు రాస్తున్నడు అనుకుంటవేమో. శేఖర్ తోటి కోచింగుల కూసునే నర్సింహ ఎర్కనే గద, మన తుంగతుర్తి పిలగాడు. సోమారం దుక్నం కాడికి వచ్చిండు. పది నిమిషాలు వైర్లు చుట్టుకుంట కూసున్నడు. "మామా, శేఖర్‌గాడు భయపడలే గద" అన్నడు. ఎందుకురా అన్న. "ఉత్తగనే. వాడు మొగోడు మామా. జై తెలంగాణ అనుకుంట పోయిండు. నాకు గూడ అంత ధైర్యముంటె" అన్నడు. వాని మొఖం చూసిన. సావుకు ముందు మూడు దినాలు మన పిలగాని మొఖం గట్లనే ఉండె, నేను పరాష్కాలాడుకుంట చూడలే.

నేను షటర్ సగం దించి వానికి మొత్తం చెప్పిన. దూపైతుందన్నది, భయమైతుందన్నది, ఇంటికి పోదామన్నది. వాడు ముందు నమ్మలే. "నువ్వు మల్ల ఏదో పరాష్కమాడుతున్నవ్ మామా" అన్నడు. లేదు బిడ్డ, అది అప్పుడు ఆడిన, ఇప్పుడు కాదు అన్న. మల్ల నువ్వన్నదే అన్న. ఇగ ఎవ్వరు సావాల్సిన పని లేదంటరా, మీ అత్త చెప్పింది, ఆ పని అయిపోయిందంట, నాకు గూడ సమజ్ కాలే గని ఇంటికొచ్చి అన్నం తిను అన్న. ఇంటికి తీస్కపోయిన. శేఖర్ కంచంల పెట్టిన. ఏడ్సుకుంట తిన్నడు. మర్నాడు వాళ్ల నాయిన్ని పిలిపించి బస్సెక్కిచ్చిన. నీకంటె ముందు వానికి చెప్పిన, అది గూడ తప్పే. గని ఆ పూట ఆగనీకె లేకుండె.

నువ్వు ఆ దినం చెప్పింది పిచ్చి మాటనే సైదమ్మ. లోకం దృష్టిల, నా దృష్టిల గూడ. ఆ పిచ్చి మాట తప్ప నా తాన ఆ పిలగానికి చెప్పనీకె ఇంకో మాట లేకుండె.

కాగితం అయిపోవొచ్చింది. ఇగ దీంట్ల నేను కల్పించినయి ఏవో చెప్త, నువ్వే వెతుక్కోకుండ.

కుక్కర్ విజిల్ పోలే. ఓనరమ్మ గిన్నె రోజు రాదు, వారానికి ఒకటో రెండో. మిగతా దినాలు చాయ్, బన్ను. జోగారావు సారు హెల్మెట్ సంగతి నిజం, నిన్న పోయి ఆ స్టిక్కర్ మాట నేనే పుట్టిచ్చిన అని ఆయనకు చెప్పొచ్చిన. ఫ్లెక్సీ లేదు. దండం పెట్టేటోళ్లు గూడ లేరు, నాలుగు దండలు ఎక్కినయి, ఆ నాలుగు గూడ నేనే ఏసిన. పదిహేను దినాల కింద దాన్ని తీసి వేరేది కట్టిన్రు. మొన్న మార్కెట్ల చూసిన, ఒక ముసలామె బత్తాయి బండి మీద కప్పింది. వాన కొడ్తుండె. అడిగి తీసుకుందామనుకున్న. ఆమె పండ్లు తడుస్తయని ఊకున్న. వాడు జై తెలంగాణ అన్నడన్నది నా కల్పన. కరెంటు పోయిందన్నది నా కల్పన. నర్సింహది మొత్తం నిజం. రమ్మని రాయనీకె నాకు మొఖం లేదు, అందుకె రాయలే.

మందిరంల నీ కోసం ప్రార్థన చేసిన అని రాసిన. చేయలే. నీ జాగల కూసున్నది నిజం, కండ్లు మూసుకున్నది నిజం. మాట రాలే.

ఇట్లు,
శేఖర్ వాళ్ల నాయిన,
బక్కయ్య